పాముల్లో ఆల్బినిజం – మూడవ పాఠం: దాగి ఉన్న జన్యువును పట్టుకోవడం

మామూలు రంగున్న తల్లిదండ్రులకు ఆల్బినో పిల్లలు పుడితే ఆ తల్లిదండ్రుల జన్యువులు ఎలాంటివని గత పాఠంలో అడిగిన లెక్కకు జవాబు ముందుగా చూద్దాం. ఆల్బినిజం అంటే నల్లరంగునిచ్చే మెలనిన్ తయారుకాకపోవడం. మామూలు రంగున్న, అమెరికాకు చెందిన విషంలేని రెండు కార్న్ స్నేక్‌లకు కొన్ని ఎర్రకళ్ల నారింజరంగు ఆల్బినో పిల్లలు పుట్టాయంటే, తల్లీ తండ్రీ రెండూ మ-ఆ జన్యురూపం ఉన్నవే. మెలనిన్ తయారుచేయగల జన్యువు 'మ', దాని చెడిపోయిన నకలు 'ఆ' అని మన గుర్తులు. 'ఆ' అంతర్గతం కాబట్టి తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు నకళ్లూ 'ఆ' అయినప్పుడే బయటపడుతుంది.

ఆల్బినో అయితే తెల్లగా ఉండాలి కదా, నారింజ ఎక్కడిది? పాము చర్మంలో నలుపుకు ఒక రకం కణాలు, ఎరుపు పసుపులకు వేరే కణాలు ఉంటాయి. ఆల్బినిజంలో పోయేది మెలనిన్ ఒక్కటే, తక్కిన రంగులు మిగులుతాయి. క్షీరదాలకు మెలనిన్ తప్ప వేరే రంగు కణాలు లేవు కనుక అవి తెల్లబడతాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో తెల్లపులిని చూసినవారు దాన్ని ఆల్బినో అనుకోవద్దు. ఒంటిమీద ముదురు చారలు ఉన్నాయంటే మెలనిన్ తయారవుతున్నట్టే.

కార్న్ స్నేక్‌లలో ఈ కథ 1953లో అమెరికాలోని నార్త్ కరోలినాలో దొరికిన ఒక మగపాముతో మొదలైంది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు దాని సంతానాన్ని పెంచి, 1961లో ఆల్బినో పిల్లలను పొదిగించి, లక్షణం అంతర్గతమని చూపాడు.

ఇక అసలు పాఠం. మ-ఆ జంటకు పుట్టే ప్రతి పిల్లా ఆల్బినో అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మామూలు రంగుతో పుట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతులు వాహకాలు, అంటే 'ఆ'ను లోపల దాచుకున్న మ-ఆ పాములు. అందుకే ఇలా మామూలు రంగుతో పుట్టిన పిల్లలను పెంపకందారులు '66 శాతం హెట్' అంటారు; 'హెట్' అంటే వాహకం, 66 శాతం అంటే అది వాహకమయ్యే అవకాశం. పామును ఎంతసేపు చూసినా అది వాహకమో కాదో తెలియదు. తెలుసుకోవాలంటే ఆల్బినోతో జతకట్టించాలి. ఒక్క ఆల్బినో పిల్ల వచ్చినా అది వాహకమని రుజువైనట్టే. ఒక్కటీ రాకపోతే? అక్కడే చాలామంది తొందరపడతారు.

కాగితం తీసుకోండి. 66 శాతం హెట్ రాయల్ పైథాన్లు (ఆఫ్రికా కొండచిలువలు) 192 ఉన్నాయనుకుందాం. వాటిలో 128 వాహకాలు, 64 కావు. ఒక్కొక్కదాన్నీ ఆల్బినోతో కలిపితే ఆరేసి గుడ్లు వచ్చాయి. వాహకానికి ప్రతి గుడ్డూ మామూలుగా వచ్చే అవకాశం సగం. ఆరూ అలాగే రావడం 64లో ఒక వంతు, అంటే 128లో రెండింటికే. వాహకాలు కాని 64కూ తప్పకుండా అన్నీ మామూలు పిల్లలే. అంటే ఆల్బినో పిల్ల ఒక్కటీ రానివి మొత్తం 66, వాటిలో వాహకాలు రెండు. అనుమానం 33లో ఒక వంతుకు తగ్గింది, అంతేగాని పూర్తిగా పోలేదు. రూపాయి నాణెం ఆరేసిసార్లు ఎగరేస్తూ చూడండి. ఆరుసార్లూ బొమ్మే పడటం అరుదే, కానీ పడుతుంది. 'వాహకం కాదు' అని ధైర్యంగా చెప్పాలంటే మరిన్ని గుడ్లు కావాలి. ఈ లెక్క చెప్పకుండా పామును అమ్మడం కొనేవారికి చేసే అన్యాయమే.

ఈ సాధన కాగితం మీదే జరగాలని నా గట్టి కోరిక. శేషాచలం కింది ఊళ్లలో తెల్లపాము కనబడితే దేవతాసర్పమని దండం పెట్టేవారుంటారు. ఆ భక్తి పాముకు హాని చేయనంతవరకు మంచిదే. దాన్ని డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకోవడం మాత్రం తగదు. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ ఏ రంగులో ఉన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. కనబడితే అటవీశాఖకు చెప్పండి.

వచ్చే పాఠానికి లెక్క: రాయల్ పైథాన్లలో మామూలు ఆల్బినోను లావెండర్ ఆల్బినోతో (లేత ఊదా ఛాయ ఉన్న మరో రకం ఆల్బినోతో) జతకడితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి. ఎందుకు? రెండిటిలో చెడిన జన్యువు ఒకటేనా? ఆ పిల్లల్లో రెండిటిని మళ్లీ జతకడితే, పదహారింట ఎన్ని వంతులు మామూలు రంగులో ఉంటాయి?