అత్తవారింట ఉండే హక్కు – 3వ పాఠం: ఇంటి గురించి పేరా రాయడం

కిందటి పాఠంలో రాసుకున్న తేదీల కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి గృహ హింస చట్టం కింద కోర్టులో వేసే అర్జీలో ఇంటి గురించి ఒక్క పేరా రాద్దాం. తడబడేది ఇక్కడే.

నరసన్నపేట కోడలు ఒకామె ఇలా మొదలుపెట్టిందనుకోండి: "నా ఇంట్లోంచి నన్ను తగిలేశారు." బాధ నిజమే, కానీ ఇల్లు మామగారి పేరున ఉంది. అవతలి లాయరు దస్తావేజు చూపించి, మొదటి మాటే అబద్ధమంటాడు. అందుకని ఇల్లెవరిదన్న గొడవ వదిలేసి కాపురం సంగతి రాయాలి:

"2019 మేలో పెళ్లయింది. అప్పట్నుంచి మా మామగారి పేరున ఉన్న డాబా ఇంట్లో, మేడమీద గదిలో కాపురం ఉన్నాం. నా భర్త చెన్నైకి పనికి వెళ్లాక కూడా నేనూ పాపా అక్కడే ఉన్నాం. అందరికీ ఒకే పొయ్యి. సారెలో ఇచ్చిన బీరువా ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. 2024 ఫిబ్రవరి 11న నేను సంతకెళ్లొచ్చేసరికి తాళం మార్చేశారు."

ఇల్లు మామగారిదని మనమే చెప్పేశాం, చూశారా? 2005 గృహ హింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వాటా లేకపోయినా కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. 2006 డిసెంబరులో బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తమామల సొంతిల్లు ఇందులోకి రాదంది. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఆ తీర్పు సరికాదంది. ఊళ్లో పెద్దమనుషులెవరైనా పాతదే వల్లిస్తే టెన్షన్ పడకండి.

ఇది ఉండే హక్కే, ఆస్తి హక్కు కాదు. సంక్రాంతికెళ్లి నాలుగు రోజులున్న ప్రతి చుట్టాలిల్లూ ఈ లెక్కలోకి రాదు. పొయ్యి, గది, బీరువా రాయమన్నది అందుకే.

ఆధార్‌లో ఇంకా కన్నవారింటి అడ్రసే ఉందా? పాప టీకాల కార్డు, రేషన్ కార్డు, అంగన్‌వాడీలో పేరు, అత్తవారింటికొచ్చిన ఉత్తరాలు వెతకండి.

అత్తగారిని ఇంట్లోంచి పంపేయమని మాత్రం అడగొద్దు. ఆడవాళ్లను ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తర్వు 19వ సెక్షన్ కింద ఇవ్వరు.

మీ పేరా ఆరు వాక్యాల్లో రాయండి. "దుర్మార్గులు", "రాక్షసులు" ఉంటే కొట్టేయండి. అర్జీ కన్నవారి ఊరి కోర్టులోనే ఎలా వేయొచ్చో 4వ పాఠంలో చూద్దాం.