ఆన్‌లైన్ సర్వే ప్యానెల్‌లో చేరే ముందు జాగ్రత్తలు

సర్వే ప్రశ్నలకు జవాబులిస్తే పాయింట్లిచ్చి, వాటిని డబ్బుగా మార్చి ఇచ్చే సైట్లే ఈ ప్యానెళ్లు.

• చేరడానికి రుసుము అడిగితే అక్కడే ఆపేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, ఎవరడిగినా చెప్పొద్దు.

• కనీసం ఎంత పోగైతే చేతికిస్తారో, పాయింట్ల గడువెంతో ముందే చదవండి. ఆ మొత్తం చేరిన రోజే తీసేసుకోండి. ఖాతా మూసేస్తే మిగిలిన పాయింట్లు గోవిందా!

• పదిహేను నిమిషాలు జవాబులు రాబట్టి, చివర్లో ‘మీరు అర్హులు కారు’ అని తోసేసే సర్వేలుంటాయి. కోటా (మీలాంటివాళ్లు ఎందరు కావాలో ఆ లెక్క) నిండిందంటే కొన్నిసార్లు నిజమే. కానీ వడపోత ప్రశ్నలు మొదట్లోనే అడగాలి కదా! సర్వే నంబరు, సమయం, ఆఖరి తెర స్క్రీన్‌షాట్ దాచి ఫిర్యాదుకు జతచేయండి.

• వయసు, ఊరు, ఆదాయం ప్రతిసారీ ఒకేలా రాయండి. తేడా వస్తే మోసమని ముద్ర వేస్తారు. మీరున్న చోటును దాచే వీపీఎన్ వాడుతుంటే ఆపండి.

• మరీ గబగబా నొక్కినా జవాబులు తిరస్కరిస్తారు.