ఆఫీసులో ఏఐ తెచ్చే ముందు మనుషుల మ్యాప్ గీసుకోండి

మార్చి క్లోజింగ్ అయిపోగానే చాలా ఆఫీసుల్లో కొత్త బడ్జెట్‌తో పాటు ఏఐ కూడా దిగుతుంది. ఆ బాధ్యత మీ మీద పడితే, డెమోలు చూడకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి.

దాని మీద ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపే ఆర్గ్ చార్ట్ వేయకండి, అది అందరి దగ్గరా ఉంది. పని ఆగిపోతే ఎవరు ఎవరి సీటు దగ్గరికి వెళ్తారు? ఎవరికి ఎవరు పని నేర్పారు? బాస్ ఒక మాట చెప్పగానే మిగతావాళ్లు ఎవరి ముఖం వైపు చూస్తారు? ఆ గీతలు వేయండి.

నేను పనిచేసిన ఒక ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ఆఫీసులో ఇది చేయలేదు. మేనేజర్లు, ఐటీ వాళ్లు ఒప్పుకోగానే మొదలుపెట్టేశాం. పదిహేనేళ్లుగా ఆస్పత్రి బిల్లులు చూస్తున్న ఒక మేడమ్‌ను మాత్రం ఎవరం అడగలేదు. ఆవిడది చిన్న హోదా, కానీ బిల్లులో ఏ తేడా వచ్చినా అందరూ ఆవిడ దగ్గరికే వెళ్లేవారు. మెషీన్ ఓకే చేసిన రెండు బిల్లుల్లో ఆవిడ తప్పులు పట్టారు. సాయంత్రానికల్లా ఫ్లోరంతా పాత ఎక్సెల్‌కు వెళ్లిపోయింది. తప్పు ఆవిడది కాదు. ముందే ఆవిడ చేత పరీక్ష చేయించి ఉంటే ఆ తప్పులు మాకే దొరికేవి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే వద్దన్నవాళ్ల పేరు పక్కన ‘వ్యతిరేకం’ అని రాసి వదిలేయకండి, కారణం రాయండి. ఒకరికి ఉద్యోగం పోతుందని భయం. ఇంకొకరికి, మెషీన్ తప్పు చేస్తే మెమో తనకొస్తుందని. మరొకరికి కస్టమర్ల వివరాలు బయటకు పోతాయని. ఈ మూడో భయం ఉత్తదేం కాదు. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టాక, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్ని ఆపేసింది. లీగల్, డేటా సెక్యూరిటీ వాళ్లను మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. చివర్లో సంతకం కోసం వెళ్తే వాళ్లు ఆపకుండా ఉండలేరు.

ఉద్యోగ భయానికి తీపి మాటలు పనికిరావు. మన బ్యాంకుల్లోకి కంప్యూటర్లు ఊరికే రాలేదు. 1983లో, మళ్లీ 1993లో బ్యాంకుల యాజమాన్యాలు ఉద్యోగ సంఘాలతో రాతపూర్వక ఒప్పందాలు చేసుకున్నాయి. ఎవరినీ తీసేయడం లేదంటే ఆ మాట పైవాళ్ల చేత రాయించి తెచ్చుకోండి. రాయనంటే మీ నోటితో హామీ ఇవ్వకండి, ఆ తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

అందరికంటే ముందు చెయ్యెత్తే కుర్రాడి మీదే భారం వేయకండి. అతని ఉత్సాహం మంచిదే. కానీ ‘వాడికేం, ఆరు నెలల్లో కంపెనీ మారిపోతాడు’ అని సీనియర్లు అనుకుంటారు. అతని పక్కన, అతనికి పని నేర్పినవాళ్లు ఒకరు ఉండాలి.

మన ఆఫీసుల్లో కాలేజీ, జిల్లా, కులం పేరుతో కూడా గుంపులు ఉంటాయి. వాటిని కాగితం మీదకు ఎక్కించకండి, వాటి బలంతో మద్దతు కూడగట్టకండి. ఇది ఫలానా వాళ్ల టూల్ అని ముద్ర పడితే అవతలి గుంపు దాన్ని ముట్టుకోదు. అసలు ఆ కాగితాన్నే షేర్డ్ ఫోల్డర్లో పెట్టొద్దు. తన పేరు పక్కన మీ రాత చూసిన మనిషి మళ్లీ మీతో మనసు విప్పి మాట్లాడడు.

అప్రైజల్స్ నడిచే వారాల్లో ప్రకటన చేయకండి. అప్పటికే అందరూ టెన్షన్‌లో ఉంటారు, ఏం చెప్పినా రేటింగ్‌కు ముడిపెట్టుకుంటారు. మీటింగ్ పెట్టే ముందు కాగితం మీదున్న ముఖ్యమైన నలుగురైదుగురితో విడివిడిగా మాట్లాడండి. ఒప్పించడానికి కాదు, ఈ టూల్ ఎక్కడ దెబ్బతింటుందో వాళ్లను అడగడానికి.

పైలట్, అంటే చిన్నగా చేసి చూసే ప్రయోగం, మొదలైన నెలకు కాగితం మళ్లీ తీయండి. ఇప్పుడు అందరూ ఎవరి సీటు దగ్గరికి వెళ్తున్నారో చూడండి. పక్కవాళ్ల సందేహాలు తీర్చడానికే ఆ మనిషికి రోజూ గంట పోతుంటుంది. ఆ మేరకు వాళ్ల టార్గెట్ తగ్గించమని మేనేజర్‌ను మీరే అడగండి.