పాటల ఫోల్డర్లలో దాక్కున్న కవర్ బొమ్మలను ఎలా తీసేయాలి?

కడపలో మా నాన్న దగ్గర రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు ఉన్నాయి. అన్నమయ్య సంకీర్తనలు, హరికథలు, కోలాటం పాటలు. వాటన్నిటినీ ఎంపీ3లుగా మార్చి, మెమొరీ కార్డులో వేసి ఆయన ఫోనులో పెట్టాను. మర్నాడే ఫోను నా చేతికిచ్చి, "నా ఫొటోలన్నీ ఏమైపోయాయిరా?" అన్నారు. గ్యాలరీ తెరిచి చూశాను. మనవరాలి అన్నప్రాశన ఫొటోకూ, దేవుని కడప రథోత్సవం ఫొటోకూ మధ్య మసకమసకగా ఉన్న చిన్న చిన్న బొమ్మలు. ఒక్కో బొమ్మ మూడు నాలుగు సార్లు. ఆయన ఫొటోలు ఎక్కడికీ పోలేదు, ఆ గుంపులో కలిసిపోయాయి.

ఈ బొమ్మలు మనం పెట్టినవి కావు. పాత విండోస్ మీడియా ప్లేయర్ ఆల్బమ్ సమాచారం తెచ్చుకునేటప్పుడు ఒక్కో ఫోల్డర్‌లో కవర్ బొమ్మలు దాచిపెడుతుంది. ఒకదాని పేరు ఫోల్డర్.జేపీజీ, ఇంకొకటి ఆల్బమ్‌ఆర్ట్‌స్మాల్.జేపీజీ. మరికొన్నిటికి ఆల్బమ్‌ఆర్ట్ అనే మాట తర్వాత వంకీ బ్రాకెట్లలో పొడవాటి అంకెలూ అక్షరాలూ, చివర లార్జ్ అనో స్మాల్ అనో ఉంటుంది. పెద్దవి 200 పిక్సెళ్ల చదరాలు, చిన్నవి 75. వీటికి "దాచిన ఫైలు", "సిస్టమ్ ఫైలు" అనే రెండు గుర్తులు ఉంటాయి కాబట్టి కంప్యూటర్‌లో కనబడవు. ఆండ్రాయిడ్ ఫోను ఆ గుర్తులను లెక్కచేయదు. పేరు చుక్కతో మొదలైతేనే దాని దృష్టిలో అది దాచిన ఫైలు. అందుకే కార్డు ఫోనులోకి వెళ్లగానే కొన్ని గ్యాలరీ ఆప్‌లలో ఇవి బయటపడతాయి.

తీసేయడం తేలిక. ఏది తీయకూడదో తెలుసుకోవడమే అసలు పని. మొదటిసారి నేను ఫోల్డర్.జేపీజీ అనే పేరు కనిపించిన ప్రతి ఫైలునూ తుడిచేశాను. క్యాసెట్ల లోపలి కాగితాలను స్కాన్ చేసి నేనే అదే పేరుతో పెట్టుకున్న బొమ్మలు కూడా వాటితోపాటే పోయాయి. చాలావాటిని మళ్లీ స్కాన్ చేసుకోగలిగాను. ఒక కోలాటం క్యాసెట్ కాగితం మాత్రం ఆలోపే చెదలు తినేసింది. మద్దెల వాయించిన వారి పేరు, పాట కట్టినవారి ఊరు ఆ కాగితం మీదే ఉండేవి. సినిమా పాటల కవర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఇలాంటి క్యాసెట్ల కవర్ ఇంకెక్కడా దొరకదు. అందుకే ఈ క్రమంలో చేయండి.

1. ముందు పాటల ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ మీద గానీ మెమొరీ కార్డు మీద గానీ నేరుగా పని మొదలుపెట్టవద్దు. అక్కడ తుడిచిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది.

2. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆప్షన్స్ తెరిచి, వ్యూ విభాగంలోకి వెళ్లండి. దాచిన ఫైళ్లను చూపించమనే ఎంపికను ఎంచుకోండి. దానికి కొంచెం కింద, రక్షిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను దాచమనే గడిలో ఉన్న టిక్ తీసేయండి. విండోస్ హెచ్చరిస్తుంది, సరే అనండి. చాలామంది మొదటిది మాత్రమే మార్చి, ఏమీ కనబడలేదని వదిలేస్తారు. ఈ బొమ్మలకు సిస్టమ్ గుర్తు కూడా ఉంది కాబట్టి రెండూ మార్చాలి.

3. పాటల ఫోల్డర్‌లో ఉండి, సెర్చ్ పెట్టెలో ఆల్బమ్‌ఆర్ట్ అని ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి. పైన చెప్పిన తరహా పేరున్న బొమ్మలను నిశ్చింతగా తీసేయవచ్చు. పాట ఫైలు పేరులోనే ఆ మాట ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

4. ఇప్పుడు ఫోల్డర్.జేపీజీల కోసం వెతకండి. ఇక్కడ తొందర వద్దు. ఫైళ్లను వివరాల (డీటెయిల్స్) పద్ధతిలో చూస్తూ, కొలతల (డైమెన్షన్స్) వరుసను కూడా చేర్చుకుని, దాని ప్రకారం అమర్చండి. 200 పిక్సెళ్లవి ఒకచోట చేరతాయి, తీసేయవలసినవి అవే. స్కాన్ చేసిన కాగితాలైతే సాధారణంగా వెయ్యి పిక్సెళ్లు దాటి ఉంటాయి, విడిగా తెలిసిపోతాయి. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ తెరిచి చూడండి.

ఉంచుకోవలసిన కవర్లను ఏం చేయాలి? పాటలోనే అతికించేయడం మేలు. ఎంపీ3 ఫైలులో పాట పేరు, పాడినవారి పేరు ఉండే ఐడీ3 ట్యాగులో బొమ్మకు కూడా చోటుంది. నేను ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాం వాడతాను. ఆల్బమ్‌లోని పాటలన్నిటినీ ఎంచుకుని, ఎడమవైపు కవర్ గడిలోకి బొమ్మను లాగి, సేవ్ చేస్తే చాలు. బొమ్మను ముందే 600 పిక్సెళ్లకు తగ్గించుకోండి, ఎందుకంటే అది ప్రతి పాటలోనూ విడిగా చేరుతుంది. 100 కేబీ బొమ్మ 12 పాటల్లో చేరితే 1.2 ఎంబీ. తగ్గించని 2 ఎంబీ స్కాన్ అయితే ఏకంగా 24 ఎంబీ. అసలు స్కాన్లను పాటల ఫోల్డర్‌లో కాకుండా వేరుగా భద్రపరచండి. పేర్లు చదవడానికి పనికొచ్చేది ఆ పెద్ద బొమ్మే.

తుడిచినవి మళ్లీ పుట్టకుండా, మీడియా ప్లేయర్ ఆప్షన్స్‌లోని లైబ్రరీ విభాగంలో ఇంటర్నెట్ నుంచి అదనపు సమాచారం తెచ్చుకునే ఎంపికను ఆపేయండి.

ఫోల్డర్‌లో ముందు చుక్క పెట్టి నోమీడియా అనే పేరుతో ఖాళీ ఫైలు పెడితే బొమ్మలు కనబడవని కొందరు చెబుతారు. నిజమే, కానీ ఆ ఫోల్డర్‌లోని పాటలు కూడా మ్యూజిక్ ఆప్‌లో కనబడకుండా పోతాయి. పాటలున్న చోట ఆ పని చేయకండి.

మ్యాక్‌లో నింపిన పెన్‌డ్రైవ్‌ది వేరే సమస్య. పాట పేరుకు ముందు చుక్క, కింది గీత ఉన్న 4 కేబీ ఫైళ్లు అందులో చేరతాయి. కారులోని ప్లేయర్ కొన్నిసార్లు వాటిని కూడా పాటలనుకుని, ఒక్కోదాని దగ్గర ఆగిపోతుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను విండోస్ కంప్యూటర్‌కు పెట్టి తీసేయండి. అవి బొమ్మలు కావు, పాటలు కావు, పోయినా నష్టం లేదు.

చివరగా రెండో మెట్టులో మార్చిన రెండు ఎంపికలనూ పాత స్థితికి తెండి. కార్డులోని పాత పాటల ఫోల్డర్ తీసేసి, శుభ్రం చేసినదాన్ని అందులో వేయండి. కార్డు ఫోనులో పెట్టాక గ్యాలరీలో పాత బొమ్మలు ఇంకా కనిపిస్తుంటే ఫోనును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. నాన్న ఫోనులో ఇప్పుడు అన్నప్రాశన ఫొటో పక్కనే రథోత్సవం ఫొటో ఉంది. హరికథ పెట్టగానే తెర మీద ఆయన చేతిరాతతో తేదీ వేసిన క్యాసెట్ కాగితం కనిపిస్తుంది.