వానాకాలంలో జమైకా: టికెట్ కొనే ముందు

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జమైకాలో గదులు చవగ్గా దొరుకుతాయి. ఎందుకో తెలుసుకునే కొనండి.

– తుపానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 2025 అక్టోబర్ 28న మెలిస్సా హరికేన్ ఐదో కేటగిరీ (అన్నిటికన్నా తీవ్రమైనది) బలంతో నైరుతి తీరాన్ని తాకింది. ఇన్సూరెన్స్ ముందే తీసుకోండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపానుకు వర్తించదు.

– రీఫండ్ లేని గది ఎంత చవకైనా వద్దు. ఈ సీజన్లో అది ఆదా కాదు, జూదం.

– అమెరికాలో విమానం మారాలంటే, మారడానికే అయినా, మన పాస్‌పోర్టుకు అక్కడి వీసా ఉండాలి.

– రోజంతా ముసురు పట్టడం తక్కువే. ఎక్కువగా మధ్యాహ్నం ఓ జడివాన, మళ్లీ ఎండ. తిరుగుళ్లు పొద్దున్నే పెట్టుకోండి. ఈశాన్యాన పోర్ట్‌లాండ్ వైపు మాత్రం బ్లూ మౌంటెన్స్ వల్ల వాన బాగా ఎక్కువ. పైన కొండల్లో కురిస్తే కింద జలపాతం నీళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. అది కనిపిస్తే దిగొద్దు, దిగినవాళ్లు పైకి వచ్చేయండి.

– దోమల మందు, పొడుగు చేతుల చొక్కా. డెంగీ అక్కడా ఉంది.

– కరెంటు 110 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదును పిన్నులు. పవర్ బ్యాంక్, కొంచెం నగదు దగ్గరుంచుకోండి. కరెంటు పోతే కార్డు గీకలేరు.