ఇలియడ్ చదవడం నేర్చుకుందాం – 4: ఎవరిచ్చారు, ఎవరు లాక్కున్నారు, ఎవరు చూశారు

పోయిన పాఠంలో హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఒకటో సర్గ చదివాం. ట్రాయ్ మీద యుద్ధానికొచ్చిన గ్రీకు సైన్యపు రాజు అగమెమ్నాన్, వీరుడు అకిలీస్‌కు వాటాగా వచ్చిన బందీ బ్రిసీస్‌ను లాక్కుంటాడు, అకిలీస్ యుద్ధం మానేస్తాడు. ఆ గొడవలో న్యాయం ఎవరి వైపుందో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటి సారం ఒకటే: అమ్మాయి కోసం అలిగి, తోటివాళ్లు చచ్చిపోతుంటే గుడారంలో కూర్చున్న అకిలీస్ వీరుడెలా అవుతాడు? కొందరైతే కర్ణుడి పక్కన నిలబెట్టి మరీ మార్కులు కోశారు. ఈసారి తొమ్మిదో సర్గ అనుకున్నాం, వెళ్దాం, కానీ ఇది తేల్చుకోకుండా వెళ్తే అక్కడా ఇలాగే బోల్తా పడతారు.

కథ మళ్లీ చెప్పను. ఒకటో సర్గలో 298వ పంక్తి దగ్గర ఆగండి. అమ్మాయి కోసం నీతో గానీ ఇంకెవరితో గానీ పోరాడను, ఇచ్చింది మీరే, తీసుకుంటున్నదీ మీరే అంటాడు అకిలీస్ అగమెమ్నాన్‌తో. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా అమ్మాయి కోసమే అలిగాడని రాస్తే నాకు చిరాకేస్తుంది! బ్రిసీస్ మీద అతనికి ఇష్టం ఉంది, తొమ్మిదో సర్గలో తనే ఒప్పుకుంటాడు. సభలో నడిచిన గొడవ మాత్రం వేరే.

కొల్లగొట్టిన సొమ్మును సైన్యం పంచుకుంటుంది. ఒక్కో నాయకుడికి ప్రత్యేకంగా ఒక వాటా పక్కన పెట్టి ఇస్తారు. ఎవరి స్థాయి ఎంతో అందరికీ కళ్లకు కనబడేది ఆ వాటాతోనే. బ్రిసీస్ అలా ఇచ్చిన వాటా. ఆమె కూడా మనిషే కదా అంటారా, నిజమే, పందొమ్మిదో సర్గలో అకిలీస్ ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి ఏడ్చినప్పుడు గానీ ఆమె గొంతు మనకు వినిపించదు, ఆ మగవాళ్ల లెక్కలో మాత్రం ఆమె ఒక బహుమానం, ఆ లెక్క మనకు నచ్చాల్సిన పనిలేదు, అర్థమైతే చాలు. పెళ్లిలో ముందు వరుసలో కూర్చోబెట్టిన మనిషిని అందరూ చూస్తుండగా లేపి వెనక్కి పంపితే పోయేది కుర్చీ ఒక్కటేనా? అగమెమ్నాన్ చేసింది అదే, పైగా పంచి ఇచ్చిన సైన్యం నోరు మెదపకుండా చూస్తూ ఉంది. అందుకే అకిలీస్ కోపం రాజు దగ్గర ఆగకుండా అందరి మీదకూ పోతుంది.

కాబట్టి నా అడ్డదారి ఇది. ఏ వీరుడు నోరు తెరిచినా పుస్తకం అంచున పెన్సిల్‌తో మూడు ముక్కలు రాస్తాను: ఎవరిచ్చారు, ఎవరు లాక్కున్నారు, ఎవరు చూశారు. రెండో సర్గలో ఓడల జాబితాను నేను దాటేస్తాను, మీరూ దాటేయండి, కానీ దానికి ముందొచ్చే థెర్సిటీస్ అనే మామూలు సైనికుణ్ణి వదలొద్దు. రాజుకే కంచు, రాజుకే ఆడవాళ్లు, మనం ఇళ్లకు పోదాం అంటాడు. ఇంచుమించు అకిలీస్ అన్న మాటలే! గ్రీకు నాయకుల్లో ఒకడైన ఒడీసియస్ రాజదండంతో వీపు మీద ఒక్కటి వేస్తే సైన్యమంతా నవ్వుతుంది. అకిలీస్‌ను దేవత వచ్చి బతిమాలుతుంది, వీడికి దెబ్బ. ఎవరి ఫిర్యాదు వినాలో పుట్టుక ముందే తేల్చేసింది.

ఆ పుట్టుకకు ధర ఏమిటో పన్నెండో సర్గలో ట్రాయ్ తరఫున పోరాడే లిసియా నాయకుడు సార్పెడన్ తన తోటి నాయకుడు గ్లాకస్‌తో చెప్తాడు, నాకు చాలా ఇష్టమైన చోటు. లిసియాలో మనకే ముందు ఆసనం, మంచి మాంసం, నిండు గిన్నెలు, నది ఒడ్డున భూములు ఎందుకిస్తున్నారు గ్లాకస్, అందుకే ముందు వరుసలో నిలబడాలి అంటాడు. వెంటనే, మనకు చావు లేకుంటే నేనూ పోరాడేవాణ్ణి కాదు, నిన్నూ పంపేవాణ్ణి కాదు అనీ అంటాడు.

ఇప్పుడు తొమ్మిదో సర్గ. యుద్ధంలో దెబ్బతింటున్న అగమెమ్నాన్, అకిలీస్‌ను తిరిగి రప్పించడానికి ఒడీసియస్ తదితరులను పంపి ఇవన్నీ ఇస్తానంటాడు: ఏడు ముక్కాలి పాత్రలు, పది టాలెంట్ల (అప్పటి తూకం) బంగారం, పన్నెండు గుర్రాలు, ఏడు ఊళ్లు, కూతుర్నిచ్చి పెళ్లి, బ్రిసీస్ కూడా వెనక్కి. ఇంత ఇస్తుంటే ఎందుకు కాదన్నాడని మీరు అడుగుతారు. ఎవరిస్తున్నారు? సైన్యం కాదు, అగమెమ్నాన్ తన ఇంట్లోంచి ఇస్తున్నాడు, తనే వచ్చి అడగడు కూడా. తీసుకుంటే అల్లుడిగా అతని కింద ఉండాలి. జాబితా చివర, నేను పెద్ద రాజును, వయసులోనూ పెద్దను, నాకు లొంగాలి అని ఒక మాట ఉంది. ఒడీసియస్ అన్నీ పూస గుచ్చినట్టు అప్పజెప్పి ఆ ఒక్కటీ మింగేస్తాడు. మనసులో ఒకటి దాచి పైకి ఇంకోటి చెప్పేవాడంటే నాకు అసహ్యం అని అకిలీస్ మొదలుపెట్టడం చూడండి.

కానీ అదే జవాబులో, పశువులు కొల్లగొడితే వస్తాయి, పోయిన ప్రాణం రాదు అంటాడు. సార్పెడన్ చెప్పిన బేరమే అక్కడ బీటలు వారుతుంది. దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఇరవైమూడో సర్గలో పాట్రోక్లస్ అంత్యక్రియల్లో అకిలీస్ పెట్టిన రథాల పందెం. ఐదు బహుమతులున్నాయి, ఒక్కోదానికి ఆ మూడు ముక్కలూ రాయండి. రెండో బహుమతి ఆడగుర్రాన్ని ఇచ్చేది లేదని పందెంలో పాల్గొన్న కుర్ర వీరుడు ఆంటిలోకస్ తిరగబడే మాటల్ని ఒకటో సర్గలో అకిలీస్ మాటల పక్కన పెట్టి చూసి, అక్కడ అకిలీస్ ఎందుకు నవ్వాడో రాయండి. చివర్లో ఈటె విసరకుండానే అగమెమ్నాన్‌కు బహుమతి ఎందుకిచ్చాడో కూడా. పంక్తి సంఖ్యలు తప్పనిసరి, సారాంశం చదివి రాసినవి నేను చూడను.