లక్షలు పోసి తేలిక సైకిల్ కొనేముందు

• మీరు తొక్కే దారి చూసుకోండి. ప్రకాశం బ్యారేజీ, కరకట్ట, మంగళగిరి రోడ్డు దాదాపు చదునే. బరువు తగ్గిన లాభం ఎత్తు ఎక్కేటప్పుడే బాగా తెలుస్తుంది; చదును మీద వేగం పెరిగేకొద్దీ అడ్డుపడేది గాలే.

• యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రేసుల్లోనే సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదు. 9 కిలోలది వదిలి అక్కడికి దిగితే తగ్గేది 2.2 కిలోలు. పొట్ట తగ్గిస్తే అంత ఫ్రీగానే వస్తుంది!

• 28 మిల్లీమీటర్ల టైరు పడుతుందా? మన గతుకుల మీద మరీ సన్న టైర్లయితే చేతులు జివ్వుమంటాయి.

• సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫైబర్ ఫ్రేమా? సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) బిగించే చోట, పెడల్స్ దగ్గర, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే కవ) మొదట్లో టార్చి వేసి చూడండి. గీత కనిపించి, అది పైపై గీతో పగులో తేల్చుకోలేకపోతే బేరం వదిలేయండి.

• టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగించాలో కొలిచే పానా) లేని మెకానిక్‌కి ఇవ్వొద్దు. బోల్టు అతిగా బిగిస్తే కార్బన్ చిట్లుతుంది.

• సైజు సరిపోయిందని తొక్కి చూశాకే అడ్వాన్స్.